ఆటలో అన్నం పాఠం: వికలాంగ కిశోరుల ఆహార శిక్షణ

కోడిపందెంలో ఓడి మాచర్ల ప్రభువులు రాజ్యం విడిచిపోయిన కథను పల్నాటి పిల్లలు పాఠ్యపుస్తకం తెరవకముందే విని ఉంటారు. ఆ కథలోనే బ్రహ్మనాయుడు కులభేదం పాటించక అందరినీ ఒక్క చాపమీద కూర్చుండబెట్టి పెట్టించిన చాపకూడు కూడా ఉన్నది. ఆట వలన కీడు జరిగినదని, అన్నం వలన ఐకమత్యం కలిగినదని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాము. ఆ రెండింటినీ ఒకచోట చేర్చి చూడవలెనన్నది ఈ వ్యాసంలో మా ప్రయత్నం. ఆట ద్వారా అన్నాన్ని గురించి నేర్పవచ్చునా? అందులోనూ శరీరంలోనో, ఇంద్రియాలలోనో, గ్రహణశక్తిలోనో లోపంతో జీవిస్తున్న పదమూడు మొదలు పంతొమ్మిదేండ్ల పిల్లలకు నేర్పవచ్చునా? నేర్పవలెనంటే ఆ ఆట ఎట్లుండవలెను?

తెలుగు బోధించే మాకు ఈ విషయంతో పని ఏమని కొందరు మిత్రులు అడిగారు. పని ఉన్నదని మా నమ్మకం. ఆహారాన్ని గురించి మనం పిల్లలకు చెప్పే పాఠాలలో సగం వారికి అందకపోవడానికి కారణం మాటలే. ‘ప్రొటీన్లు’, ‘కార్బోహైడ్రేట్లు’ అని నల్లబల్లపై వ్రాసినంతమాత్రాన ఒక పిల్లవాడు కందిపప్పు ఎక్కువ తినడు. బుద్ధిమాంద్యం గల పిల్లకు ఆ మాట గాలిలో శబ్దం మాత్రమే. ‘పప్పు’ అన్న మాటకైతే వాసన ఉన్నది, పోపు చిటపట ఉన్నది, అమ్మ చేయి ఉన్నది.

పేరును గురించి కూడా ఒక మాట. ‘వికలాంగులు’ అన్న పదం ఇప్పుడు కొందరికి రుచించదు. ‘దివ్యాంగులు’ అని కేంద్ర ప్రభుత్వంవారు, ‘విభిన్న ప్రతిభావంతులు’ అని మన రాష్ట్ర ప్రభుత్వంవారు వాడుతున్నారు. 2016 నాటి చట్టం ఇరువది యొక్క విధాల వైకల్యాలను గుర్తించింది. మేము పాత పదాన్నే వాడుతున్నాము. పేరులో గౌరవం పెంచి, పళ్లెం దగ్గర మాత్రం ఆ పిల్లవాని మాట వినకపోవడం కంటె, పాత పేరుతోనే పిలిచి అతని మాట వినడం మేలని మా ఉద్దేశం.

ఆ ‘మాట వినడం’ ఎంత అరుదో చూడండి. నరసరావుపేటలో మాకు తెలిసిన ఒక ఇంట పదిహేనేండ్ల బాలుడున్నాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అనగా మెదడుకు సంబంధించిన పక్షవాతం. చేతులు అదుపులో ఉండవు, మాట స్పష్టం కాదు, బుద్ధి మాత్రం చురుకైనది. తల్లి ముద్ద కలిపి నోటికి అందిస్తుంది. ఆమె శ్రమను తక్కువ చేసి చూడకూడదు. కాని ఆ పదిహేనేండ్లలో ఏమి తింటావని అతనిని అడిగిన వారు లేరు. కూర ఏదో, కారమెంతో, ముద్ద ఎంత పెద్దదో, చాలునో చాలదో అన్నీ ఇతరులే నిర్ణయించారు. వికలాంగ కిశోరులు గల ఇండ్లలో అధికభాగం ఇదే స్థితి. కొన్ని చోట్ల జాలి పెరిగి మిఠాయిగా మారుతుంది. ‘పాపం, వాడికి ఇంకేమి సుఖమున్నది’ అని వచ్చిన ప్రతి బంధువూ ఒక చిప్స్ పొట్లమో, కూల్‌డ్రింకు సీసానో చేతిలో పెట్టి వెళ్తారు. మరికొన్ని చోట్ల, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, అందరూ తిన్న తరువాత మిగిలినదే వారి పాలు. రెండింటిలోనూ ఎన్నుకునే హక్కు పిల్లకు లేదు. ఎన్నుకోవడం చేతకాని వారికి ఆహారపాఠం ఎంత చెప్పినా ఏమి లాభం?

వైకల్యమన్నది ఒక్కటే వస్తువు కాదు. చక్రాల కుర్చీలో దినమంతా కూర్చుండే బాలిక శరీరం తక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. తోటివారితో సమానంగా అన్నం తింటే ఆమెకు బరువు పెరుగుతుంది. ఆ బరువును ఎత్తి దించవలసినది తల్లి నడుము. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలకు స్థూలకాయం వచ్చే అవకాశం ఎక్కువ, వారిలో కొందరికి థైరాయిడ్ లోపం కూడా తోడవుతుంది. సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో దీనికి విరుద్ధంగా నమలడం, మ్రింగడం కష్టమై చిక్కిపోయేవారు ఎక్కువ. వారికి ముద్ద మెత్తదనం, కూర్చున్న తీరు, తినిపించే వేగం కూడా ఆహారంలో భాగమే. ఆటిజం గల పిల్లలలో కొందరు రంగును బట్టి, గట్టిదనాన్ని బట్టి రెండు మూడు పదార్థాలు తప్ప అన్నీ త్రోసివేస్తారు. మూర్ఛకు వాడే కొన్ని పాత మందులు దేహంలో విటమిన్ డిని తగ్గించి ఎముకలను బలహీనపరుస్తాయి. కావున ‘ఆరోగ్యకరమైన పళ్లెం’ అని ఒక్క బొమ్మ గీసి అందరికీ చూపించడం ఉపకారం కాదు.

పల్నాటి విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. దానిని కొంచెం విస్తరించి చెప్పవలసి ఉన్నది.

మన మెట్ట గ్రామాలలో కొన్నింట భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. మించిన నీరు సంవత్సరాల తరబడి త్రాగితే మొదట పళ్లపై గారలు, పిదప ఎముకలు బిగిసిపోవడం, కాళ్లు వంగిపోవడం సంభవిస్తాయి. 1970వ దశకంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మనకు కృష్ణానది ఆవలి ఒడ్డునే ఉన్న నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన కిశోరులను పరీక్షించారు. జొన్న ప్రధానాహారంగా గలవారి శరీరంలో, వరి తినేవారిలో కంటె ఎక్కువ ఫ్లోరైడ్ నిలిచిపోతున్నదని తరువాతి పరిశోధనలలో తేలింది. కాల్షియం, విటమిన్ సి తగినంత అందినప్పుడు ఫ్లోరైడ్ దెబ్బ కొంత తగ్గుతుంది. చింతపండు తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా వెలువడినదని అదే సంస్థవారు 2002లో ప్రకటించారు.

దీని వలన మనం గ్రహించవలసినది ఏమనగా, ఈనాడు పట్టణాలలో జొన్నరొట్టెను ఆరోగ్యానికి మారుపేరుగా కీర్తిస్తున్నారు. నీరు మంచిదైన చోట ఆ కీర్తి న్యాయమే. ఫ్లోరైడ్ నీటి ఊరిలో వంగిన కాళ్లతో ఉన్న పిల్లవానికి మాత్రం మొదట చెప్పవలసినది త్రాగే నీరు మార్చమని, పాలు, పెరుగు, రాగులు, ఉసిరి, జామ, పుల్లని పప్పుచారు పెంచమని. ఎక్కడో ఉన్న ఒక సంస్థ తయారుచేసిన ఆటలో జొన్నకు పది మార్కులు, చింతపండుకు సున్న వేసి ఉంటే ఆ ఆట మన పిల్లవానికి అబద్ధం నేర్పినట్లే. ఆటలో మార్కు వేసేవారు ఆ ఊరి నీటిని కూడా ఎరిగి ఉండవలెను.

ఇక ఆట సంగతికి వద్దాము. ఆటతో నీతి నేర్పడం మన దేశంలో కొత్త కాదు. వైకుంఠపాళిలో పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. 19వ శతాబ్దం చివర అది ఇంగ్లండు చేరి పిల్లల కాలక్షేపంగా మారింది. సూఫీ సంప్రదాయంలో కూడా ఇట్టి పటమే ఉన్నది. దానిని ‘షత్రంజుల్ ఆరిఫీన్’ అంటారు, జ్ఞానుల చదరంగమని అర్థం. అందులోనూ గడులు ఎక్కి దిగుతూ సాధకుడు పైకి పోవలెను. అయితే ఈ ఆటలన్నింటా ఒక కొరత ఉన్నది. గవ్వ ఎట్లు పడితే అట్లు నడవవలసినదే. ఆడేవానికి ఎన్నిక లేదు. విధిని ఓర్చుకోవడం నేర్పడానికి ఆ పద్ధతి సరిపోయినదేమో కాని, పళ్లెంలో ఏది వేసుకోవలెనో నేర్పడానికి చాలదు. వీడియో ఆట ఈ కొరతను తీర్చింది. అందులో ఆడేవాడు ఎన్నుకుంటాడు, ఎన్నికకు ఫలితం వెంటనే కనిపిస్తుంది, తప్పితే మరల ఆడవచ్చును. మరల ఆడవచ్చునన్న ధైర్యం వికలాంగ బాలలకు ఎంత అవసరమో వారితో పనిచేసిన వారికి తెలుసు.

అమెరికాలో 1995లో సూపర్ నింటెండో యంత్రానికై ‘ప్యాకీ అండ్ మార్లన్’ అనే ఆట వచ్చింది. మధుమేహం గల రెండు ఏనుగు పిల్లలు వేసవి శిబిరానికి వెళ్తాయి. అవి ఏమి తినవలెనో, ఎంత ఇన్సులిన్ తీసుకోవలెనో ఆడే పిల్లవాడే నిర్ణయించవలెను. ఎనిమిది మొదలు పదహారేండ్ల వయసు గల 59 మంది మధుమేహ బాలలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ ఆటను, రెండవ జట్టుకు వినోదం మాత్రమే గల వేరొక ఆటను ఇచ్చి ఆరు నెలలు పరిశీలించారు. 1997లో ఆ ఫలితాలు ప్రకటితమయ్యాయి. ఈ ఆట ఆడిన జట్టులో హఠాత్తుగా వైద్యుని వద్దకు పరుగెత్తవలసిన సందర్భాలు నూటికి 77 వంతులు తగ్గాయి. మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది మరొక ఫలితం. ఆ పిల్లలు తమ జబ్బును గురించి తల్లిదండ్రులతో మునుపటికంటె ఎక్కువగా మాట్లాడారట. ఆట వారికి నోరిచ్చింది.

తరువాత టెక్సాస్‌లో ‘స్క్వయర్స్ క్వెస్ట్’ అనే ఆటను నాలుగవ తరగతి పిల్లలు 1,578 మందితో పరీక్షించారు. ఐదు వారాలలో పది సార్లు ఆడిన పిల్లలు రోజుకు ఒక వంతు పండ్లు, కూరగాయలు అదనంగా తిన్నట్లు 2003లో ప్రకటించారు. అదే పరిశోధకుల మరొక ఆట ‘ఎస్కేప్ ఫ్రమ్ డయాబ్’ విషయంలో 2011లో తేలిన పెరుగుదల ఇంకా తక్కువ, వంతులో మూడింట రెండు పాళ్లు మాత్రమే. వ్యాయామంలో మార్పు లేదు. కావున వీడియో ఆట మంత్రదండం కాదు. పైగా ఈ రెండు ప్రయోగాలూ సాధారణ బాలలతో చేసినవి. అంగవైకల్యం గల పిల్లల విషయంలో మనం సొంతంగా చూచి తెలుసుకోవలసినదే ఎక్కువ.

వికలాంగ బాలుడు ఆట ఆడగలడా అన్న సందేహం ఉండవచ్చును. చేతుల పట్టు లేనివారికై పెద్ద మీటలు గల ఒక ఉపకరణాన్ని మైక్రోసాఫ్ట్ సంస్థ 2018లో విడుదల చేసింది. అది మన ఇండ్లకు అందే ధర కాదు. కాని ఇంటింటా ఉన్న ఫోనులోనే కొంత సౌకర్యం దాగి ఉన్నది. తెరపై ఉన్నదానిని చదివి వినిపించే ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోనులలో ఉన్నది, అది తెలుగు కూడా చదువుతుంది. అంధ బాలునికి బొమ్మ అక్కరలేదు. పోపు చిటపట, మజ్జిగ చిలికే చప్పుడు, చెరకు నమిలే చప్పుడు చాలును. బధిర బాలికకు శబ్దం అక్కరలేదు, బొమ్మ, సంజ్ఞ చాలును. బుద్ధిమాంద్యం గల పిల్లకు తెరపై ఒకేసారి రెండు బొమ్మలకు మించి ఉండరాదు, గడియారం పెట్టి తొందరపెట్టరాదు, ఓడిపోయావన్న కూత ఉండరాదు. బొమ్మ కూడా గీసినది కాక, వారి ఇంటి గిన్నెలో ఉన్న పప్పు ఫోటో అయితే మరీ మంచిది. ఆటలో చూచిన వస్తువును వంటయింట్లో గుర్తుపట్టడమే ఆ పిల్లలకు కష్టమైన మెట్టు.

మా డిగ్రీ విద్యార్థులు కొందరు, కంప్యూటరు చదివే ఒక విద్యార్థి సహాయంతో, ఇట్టి చిన్న ఆట ఒకటి తయారుచేశారు. దానిని పరిశోధన అనడానికి వీలులేదు. ఏడుగురు పిల్లలు, కొన్ని ఆదివారాలు, రెండు ఫోన్లు, అంతే. తెరపై ఒక పళ్లెం ఉంటుంది. ఇరువైపులా రెండేసి పదార్థాలు వస్తాయి. ఒకదానిని తాకితే అది పళ్లెంలో పడుతుంది. పళ్లెం నిండిన తరువాత బొమ్మ పిల్లవాడు పరుగెత్తుతాడు, లేదా ఆవులించి కూర్చుంటాడు. మా లెక్కకు ఆధారం జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలు. దినానికి రెండు వేల కేలరీల భోజనంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని వారు చెప్పారు. మన ఇండ్లలో ఈ లెక్క తలక్రిందులుగా ఉంటుంది. అన్నం కొండంత, కూర నంజుకునేటంత, పండుమిరప పచ్చడి మాత్రం తప్పదు. పల్నాడు మిరప పండించే నేల కావచ్చును కాని, మిరపతో పాటు లోపలికి వెళ్లే ఉప్పును ఎవరూ లెక్కపెట్టరు.

మొదటి ఆదివారమే మా ఆట బోల్తాపడింది. మిరపకాయ బజ్జీ తాకితే బొమ్మ పిల్లవాడు ‘హా హా’ అని ఎగిరి, చెవులలోనుండి పొగ వదిలేటట్లు మా విద్యార్థులు ఉత్సాహంతో చేశారు. అది చెడు ఫలితమని వారి భావన. పిల్లలకు అదే అన్నిటికంటె వినోదమైంది. ఏడుగురూ పోటీపడి బజ్జీనే తాకారు. తోటకూర తాకితే ‘శభాష్’ అన్న వినయపూర్వకమైన గొంతు ఒక్కటి వినిపించేది. ఆ శభాష్ ఎవరికి కావలెను? నీతిని నీరసంగా, దోషాన్ని రసవత్తరంగా చెప్పే ఈ లోపం మన పాఠ్యపుస్తకాలలో కూడా కనిపిస్తుందని తోచి, మాలో మేము నవ్వుకున్నాము. తరువాతి వారం పొగను తీసివేసి, పరుగును, ఈలను, గంతులను ఆకుకూరకు, గ్రుడ్డుకు, జామకాయకు మార్చించాము. ఆట తీరు మారింది. అయితే తినుబండారాల కంపెనీలు తమ సరుకు చుట్టూ అల్లి పిల్లల ఫోన్లలోకి పంపే ఆటల గంతుల ముందు మా గంతు ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేము.

భాషలో కూడా తప్పు చేశాము. అన్నీ గ్రాంథికమైన తెలుగు పేర్లు పెట్టాము. పిల్లలలో ముగ్గురి ఇండ్లలో ఉర్దూ మాట్లాడుతారు. వారికి పప్పు ‘దాల్’, కూర ‘సాలన్’, పెరుగు ‘దహీ’. గొంతు రెండు భాషలలో రికార్డు చేయించిన తరువాత ఒక బాలిక మొదటిసారి ఫోను చేతిలోకి తీసుకున్నది. రంజాన్ నెలకై సహరీ, ఇఫ్తార్ పళ్లేలను కూడా చేర్చాము. జబ్బు కారణంగా ఉపవాసం కూడదని వైద్యుడు చెప్పిన పిల్లలు ఇంట్లో అందరూ రోజా ఉన్నప్పుడు తాము వెలి అయినట్లు బాధపడతారు. ఇఫ్తార్ వేళ సమోసాలు, పకోడీల మధ్య ఖర్జూరం, పండ్లముక్కలు, హలీం ఎంచి దస్తర్‌ఖాన్ పరిచే పని ఆటలో వారికి అప్పగించాము. ఇంట్లో కూడా అప్పగించిన తల్లులు ఉన్నారు.

పైన చెప్పిన నరసరావుపేట బాలుని విషయం. అతడు వేలితో తెరను తాకలేడు. ఫోనును బల్లకు కట్టి, మడిచిన పిడికిలితో సగం తెరను ఎక్కడ తాకినా చాలునన్నట్లు మార్చారు. అతడు మూడు వారాలు వరుసగా పెరుగునే ఎన్నుకున్నాడు. పొరపాటున తాకుతున్నాడనుకొని మా విద్యార్థులు బొమ్మను ఎడమనుండి కుడికి మార్చారు. పిడికిలి కుడికి వెళ్లింది. జలుబు చేస్తుందన్న భయంతో ఆ ఇంట్లో అతనికి పెరుగు పెట్టడం చిన్ననాడే మానివేశారట. ‘వాడికి పెరుగు ఇష్టమని నాకు తెలియదు సార్’ అన్నది తల్లి. మరేమీ అనలేదు. ఆ రాత్రి పెరుగన్నం పెట్టిందని తరువాత విన్నాము. మెత్తని ఆహారం కావలసిన పిల్లవానికి అది వైద్యరీత్యా కూడా తగినదే. ఆ ఆట అతనికి పోషణశాస్త్రం నేర్పిందని మేము చెప్పము. అతడే మాకు, తన తల్లికి ఒక సంగతి నేర్పాడు.

ఇంకొక సంగతి కళాశాల కమిటీవారి దృష్టికి తేవలసి ఉన్నది. మా ఆటలో నీళ్ల గ్లాసుకు మంచి మార్కులున్నాయి. చక్రాల కుర్చీలో వచ్చే పదిహేడేండ్ల బాలిక ప్రతి పదార్థాన్నీ తెలివిగా ఎన్నుకునేది, నీళ్ల గ్లాసును మాత్రం తాకేది కాదు. కారణం అడిగితే చాలాసేపు చెప్పలేదు. తాను చదువుతున్న చోట మరుగుదొడ్డికి మూడు మెట్లున్నాయని, కుర్చీ లోపలికి పోదని, కావున ఉదయం నుండి సాయంత్రం వరకు నీరు త్రాగదని చివరకు మా విద్యార్థినులతో చెప్పింది. మూత్రకోశ వ్యాధులు, మలబద్ధకం ఆ అలవాటు వెంటే వస్తాయి. ఆ గ్లాసుకు మార్కులు వేసిన మేము ఆ మెట్లను ఊహించలేదు.

మన కళాశాలలో కూడా క్రింది అంతస్తు మరుగుదొడ్డికి రెండు మెట్లున్నాయి. వాటి స్థానంలో వాలుబాట కట్టి, తలుపును కుర్చీ పట్టేటంత వెడల్పు చేయించి, లోపల పట్టుకునే కమ్మీ ఒకటి పెట్టించవలెనని కమిటీవారికి విజ్ఞప్తి. ఆట విషయంలో మా కోరిక చిన్నది. సెలవులలో కంప్యూటరు గదిని విద్యార్థులకు తెరిచి ఉంచడం, తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి గొంతు రికార్డు చేయడానికి అనుమతి, మండలంలోని భవిత కేంద్రంవారితో మాట్లాడి అక్కడి ఫిజియోథెరపీ నిపుణుల సలహా తీసుకోవడం. గురజాల వైపు గ్రామాల విద్యార్థులు తమ ఊరి నీటి పరీక్ష ఫలితాలను తెచ్చి ఇస్తే, ఆటలో ఆ ఊరికి వేరే పళ్లెం చేర్చగలము. ఇప్పటికి ముగ్గురు తెచ్చి ఇచ్చారు.